డాక్స్‌లో రాయని దారి

ఆయన పోయారని ఫోన్లో వినగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవరు చెప్పారు?" అని. అటువైపు ఫోన్లో ఉన్నది మా ఓనరు. "చర్చి వాళ్ళు చెప్పారమ్మా. నువ్వు కూడా అచ్చం ఆయనలాగే తయారయ్యావు," అన్నాడు. అందులో కోపం లేదు, ఏడుపు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. నేనేం చెయ్యను? ఆ మాట ఆయనది. పక్క కుర్చీలో కూర్చుని ఏళ్ళ తరబడి పనిచేశాను, నాకూ అంటుకుంది.

ఇవాళ వానొస్తుందంట సార్ అంటే, ఎవరు చెప్పారు? మధ్యాహ్నం కరెంటు తీస్తారంట అంటే, ఎవరు చెప్పారు? టీకొట్టు ఆవిడ "పంచదార వెయ్యలేదు సారూ" అంటే, గ్లాసు వాసన చూసి, నాలిక కొసకి తగిలించి, ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి అప్పుడు తాగేవారు. మామిడిపళ్ళు కొనేటప్పుడు తట్ట అడుక్కి చెయ్యి పోనిచ్చి కింది పండు పైకి తీసేవారు. పైవన్నీ మనం చూడ్డానికి పెట్టినవట. ఆఫీసు తాళం నేను వేస్తే, మెట్లు సగం దిగినవారు మళ్ళీ ఎక్కొచ్చి లాగి చూసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నేనే కదండీ వేసింది! నా మీద నమ్మకం లేదా?"

"నువ్వు వేశావమ్మా. అది పడిందో లేదో నీకు తెలీదుగా. నమ్మకం ఆదివారం చర్చిలో చూసుకుందాం. ఇక్కడ చెక్ పెట్టుకుందాం."

ఈ చెక్ అనే మాట ఆయన నోట్లో రోజూ నానుతూనే ఉండేది. మా ఆఫీసు తిరువూరు మెయిన్ రోడ్డు మీద, ఎరువుల షాపు పైన. షాపు మా ఓనరు వాళ్ళ నాన్నది. కింద యూరియా, పైన సాఫ్ట్‌వేరు అని ఊళ్ళో వెక్కిరించేవాళ్ళు. నేను నెమలి అనే పల్లె నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆయన హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేసి, యాభై దాటాక ఉన్నట్టుండి తిరువూరు వచ్చేశారు. ఎందుకు వచ్చారో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే మా ఊరు ఊరుకుంటుందా? అక్కడేదో గోల్‌మాల్ చేసి దొరికిపోయాడని ఒకరు, పై ఆఫీసరు మీద పిటిషన్లు పెట్టి తీసేయించుకున్నాడని ఇంకొకరు. నేను మొదట్లో గోల్‌మాల్ మాటే నమ్మాను. మనిషికి ఊరికే అంత అనుమానం రాదు, తను చేసిన పనే ఎదుటివాళ్ళలో వెతుకుతుంటాడు అని మా అమ్మ అంది. నాకూ సబబుగానే తోచింది. అందుకని చాలాకాలం ఆయన లేచి బయటికెళ్తే ఆయన స్క్రీను మీద ఓ కన్నేసేదాన్ని.

మేం చేసేది ఏపీఐల పని. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుని ఏమేం అడగొచ్చు, ఎలా అడగాలి, అడిగితే ఏం జవాబొస్తుంది, ఇదంతా ముందే ఏర్పాటు చేసిపెట్టడం. పైథాన్ అనే కంప్యూటరు భాషలో రెడీమేడ్‌గా దొరికే, మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌కి ఒక సుగుణం ఉంది. మనం కోడ్ రాస్తే చాలు, ఏ దారిలో వెళ్ళి ఏం అడగాలో వివరించే పేజీ దానంతటదే తయారవుతుంది. ఆ పేజీని డాక్స్ అంటాం, ఒక్కో దారిని రూటు అంటాం. మొదటిసారి ఆ పేజీ రంగురంగుల పెట్టెలతో తెరమీదికి వచ్చినప్పుడు నేను మురిసిపోయి ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వంగి, కిందిదాకా చదివారు.

"ఎవడి కాండక్ట్ సర్టిఫికెట్ వాడే రాసుకున్నట్టుంది," అన్నారు.

అని ఊరుకున్నారా? ఆ పేజీలోనే ప్రయత్నించి చూడ్డానికి ఒక బటన్ ఉంటుంది. అది ఒక వైద్యం సెంటరు బుకింగుల పేజీ. అక్కడ కూర్చుని పేషెంటు వయసు మైనస్ ఐదు అని కొట్టారు. పేరుకి బదులు చుక్కలు పెట్టారు. ఫిబ్రవరి ముప్పయ్యో తారీకుకి బుకింగ్ అడిగారు. మా కోడ్ కాదు కుదరదు అన్నప్పుడల్లా ఆయన మొహంలో ఒక చిన్న నవ్వు కదిలేది. అది సరే అని ఒప్పుకుంటే మాత్రం నా వైపు తిరిగి, కొత్త కోడలి కూరలో వెంట్రుక దొరికిన అత్తగారిలా చూసేవారు. అబ్బ, ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ మండుకొస్తుంది.

ఒకసారి డాక్స్‌లో ఒక గడికి వివరణ రాశాను, ఇందులో అవును అని వస్తే పేషెంటు వచ్చినట్టు అని. ఆయన వేలు పెట్టి ఆపారు. "వచ్చినట్టని ఎవరు చెప్పారు?"

"సెంటర్లో రిసెప్షన్ అమ్మాయి బటన్ నొక్కుతుంది కదండీ!"

"అదే రాయి మరి. అవును అని వస్తే బటన్ నొక్కినట్టు. మనిషి సంగతి మనకి తెలీదు."

నేను విసుక్కుంటూ అలాగే మార్చాను. ఆ పని తిరువూరులోని ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటరు కోసం చేస్తున్నది. ఎ.కొండూరు వైపు తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి మా ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సెంటర్లో మిషన్లు కాసిని, మంచం ఎక్కాల్సిన మనుషులు చాలామంది. ఎవరికి ఏ రోజు ఏ వేళ అన్నదాన్ని స్లాటు అంటారు. ఒక స్లాటు తప్పిందంటే ఒంట్లో నీరు దిగదు, ఊపిరాడదు. అప్పటిదాకా పుస్తకంలో రాసుకునే ఆ వరసని కంప్యూటర్లోకి ఎక్కించడమే మా పని. మా ఆఫీసుకి అప్పుడు అదొక్కటే పెద్ద కాంట్రాక్టు. అది పోతే పైన సాఫ్ట్‌వేరు ఎత్తేసి నేనూ ఆయనా కిందికెళ్ళి యూరియా అమ్ముకోవాల్సిందే.

సిస్టం ఇంకా ట్రయల్లో ఉండగానే ఒక బ్రోకరు ఒకే ఫోన్ నంబరు మీద దొంగ పేర్లతో స్లాట్లు బుక్ చేసి అమ్ముకోబోయాడు. పట్టుకున్నది ఈయనే. పట్టుకుని, ఆ రోజే ఒక చెక్ పెట్టారు. ఒక నంబరు మీద ఒక్క పేషెంటే. రెండో పేరు వస్తే దొంగ బుకింగ్ కింద లెక్క, సిస్టం తీసుకోదు. సెంటరు వాళ్ళు ఎగిరి గంతేశారు. మా ఓనరు స్వీట్లు పంచాడు. ఆయన ఒక జాంగ్రీ విరిచి, లోపల చూసి తిన్నారు.

తండాలో అందరికీ ఫోన్లు ఉండవని మాకెవరికీ తట్టలేదు. అక్కడ పేషెంట్లని తిరువూరు తీసుకొచ్చేది ఒక ఆటో అతను. సెంటరు నుంచి ఏ కబురున్నా అతనికే రావాలి, అతనే ఇంటింటికీ చెప్పాలి. అందుకని అందరూ అతని నంబరే ఇస్తారు. సిస్టం మొదలైన రోజు ఆ నంబరు మీద మొదటి పేరు ఎక్కింది. రెండో పేరు ఒక నడివయసు ఆవిడది. సిస్టం ఆవిణ్ణి దొంగ బుకింగ్ అంది. రిసెప్షన్ అమ్మాయి ఏం చేస్తుంది పాపం, వేరే నంబరు తెచ్చుకోమని పంపేసింది. ఆవిడ ఇంటికెళ్ళిపోయింది. స్లాటు తప్పింది. తర్వాత ఒళ్ళంతా వాచి, ఊపిరాడక, అదే ఆటోలో వస్తే విజయవాడ పంపించారు. బతికి బయటపడింది.

ఆ కబురు వినగానే ఆయన లేచి సెంటరుకి నడిచి వెళ్ళారు. తిరిగొచ్చాక అన్నం బాక్సు కూడా తెరవలేదు. నేనే పలకరించాను, చెక్ తీసేద్దామా సార్ అని. "తీసేస్తే బ్రోకరు మళ్ళీ వస్తాడు," అన్నారు. సెంటరు వాళ్ళూ ససేమిరా అన్నారు. తండా వాళ్ళు ఎవరో ఒకరి నంబరు అడిగి తెచ్చుకుంటార్లే అని మా ఓనరు సర్దిచెప్పాడు. ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాం.

కొన్నాళ్ళకి ఓనరు నన్ను కిందికి, ఎరువుల బస్తాల వెనక్కి పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది. సిస్టం తిప్పికొట్టిన బుకింగులు కొన్ని సోమవారానికల్లా స్లాట్లలో కనబడుతున్నాయట. ఎవరు ఎక్కించారో పేరు లేదట. "కోడ్ వెతికాను. ఒక రూటు ఉంది. డాక్స్‌లో కనపడకుండా దాచారు. ఎవరు రాశారంటావు?" అన్నాడు.

పైకెళ్ళి నేనూ చూశాను. నిజమే. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ రూటు పనిచేస్తుంది కానీ డాక్స్ పేజీలోకి ఎక్కదు. ఎవరికీ తెలీని దొడ్డిదారన్నమాట. డాక్స్‌లో లేనిది లేనట్టే అని నన్ను నానా హింస పెట్టిన మనిషి, తను మాత్రం ఒక దారి రాయకుండా ఉంచుకున్నాడు! హైదరాబాద్ గోల్‌మాల్ గుర్తొచ్చింది. బ్రోకర్ని పట్టుకున్నది ఆ వ్యాపారం తను చేసుకోవడానికేనా అనిపించింది. మిషను కోసం ఎదురుచూస్తూ ప్రాణాలు బిగబట్టుకున్న వాళ్ళ వరసలో దూరి అమ్ముకుంటున్నాడంటే, వాడు మనిషేనా?

ఓనరు ఆయన్ని కూర్చోబెట్టి అడిగాడు. వయసులో చిన్నవాడు కాబట్టి గొంతు పెంచలేకపోయాడు. "మీరేనా సార్ ఇది రాసింది?"

"నేనే."

"డాక్స్‌లో ఎందుకు దాచారు?"

"డాక్స్‌లో పెడితే ఆ బ్రోకరుక్కూడా కనపడుద్ది."

"ఎవరికి ఇస్తున్నారు స్లాట్లు? సెంటరు వాళ్ళకి తెలిస్తే మనందరం రోడ్డున పడతాం. జైలుక్కూడా పోతాం. చెప్పండి సార్!"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "నేను చెప్తే నమ్ముతావా బాబూ? నమ్మకు. ఆదివారం చర్చి అయ్యాక నా వెనకాల రండి, ఇద్దరూ."

ఆ ఆదివారం దాకా నేను ఆయన మొహం చూడలేదు. చర్చి ముందు కార్లో కూర్చుని ఉంటే, ఆయన తెల్లచొక్కాతో బయటికొచ్చి, బైబిలు స్కూటర్ డిక్కీలో పెట్టి, డిక్కీ లాగి చూసుకుని బయల్దేరారు. వెనకాలే మేం. ఎ.కొండూరు దాటాక తండా దారి పట్టారు. దారంతా పత్తిచేలు. ఓనరు స్టీరింగ్ మీద వేళ్ళు కొట్టుకుంటూ, "మనల్ని ఎక్కడికో తీసుకెళ్ళి ఏదో కథ చెప్తాడు చూడు," అంటూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

రేకుల ఇంటి ముందు స్కూటరు ఆపారు. మంచం మీద ఆ నడివయసు ఆవిడ కూర్చుని ఉంది, పక్కన ఆవిడ భర్త. ఈయన నమస్కారం కూడా పెట్టలేదు. సెంటరు కార్డు అడిగారు. మొన్న ఏ మంచం ఇచ్చారు, కిటికీ పక్కదా గోడ పక్కదా అని అడిగారు. ఆవిడ గోడ పక్కదని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. జబ్బు మనిషిని పట్టుకుని పోలీసులా ఆ ప్రశ్నలేంటి?

అప్పుడు ఆవిడ భర్త మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "వీళ్ళు కూడా చూడ్డానికొచ్చారా సారూ?" అని అడిగాడు. ఈయన తలూపారు. ఆవిడ ఏమీ అనకుండా జాకెట్టు చెయ్యి పైకి లాగి, మోచేతి దగ్గర ఉబ్బిన నరాలు కనబడేలా చెయ్యి మా ముందుకి చాపింది. మేం అడగలేదు. తనే చాపింది.

నేను తల తిప్పేసుకున్నాను. "చూస్తే సరిపోదు బాబూ. వేలు పెట్టి చూడు," అన్నారు ఆయన. ఓనరు భయపడుతూ రెండు వేళ్ళు ఆవిడ చేతి మీద ఆనించాడు. డయాలసిస్ కోసం కలిపి కుట్టిన నరం అది, లోపల రక్తం జుయ్యిమని పారడం వేళ్ళకి తెలుస్తుంది. ఓనరు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

సిస్టం తిప్పికొట్టిన ప్రతి పేరునీ ఈయన ఇలా ఇంటికెళ్ళి, మనిషి ఉన్నారా, చేతికి నరం ఉందా అని చూసి, నిజమైతేనే ఆ దాచిన రూటులోంచి వరసలోకి ఎక్కించేవారు. అమ్ముకోవడం కాదు, తన చెక్‌ని తనే ఇల్లిల్లూ తిరిగి దిద్దుకోవడం. అదైనా మంచిగా, మర్యాదగా చేశారా? లేదు. ఆ అనుమానంతోనే చేశారు. దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఆగి ఓనరు అన్నాడు, "సెంటరు వాళ్ళతో నేను మాట్లాడతాను. ఆ చెక్ తీసెయ్యండి సార్."

"దొంగలొస్తారు."

"రానీండి."

"వస్తే ఒక్కొక్కళ్ళనీ వెళ్ళి చూడాల్సొస్తది. ఎవరు చూస్తారు?"

ఆయన స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. సోమవారం చెక్ తీసేశారు, దాచిన రూటూ తీసేశారు. ఫ్రేమ్‌వర్క్ తనంతట తను రాయలేని ఒక వాక్యం డాక్స్‌లో ఫోన్ నంబరు గడి పక్కన, తెలుగులోనే, చేత్తో టైపు చేశారు. 'ఈ నంబరు ఫోనుది, మనిషిది కాదు. ఒకే నంబరు మీద ఎంతమందైనా ఉండవచ్చు.' విజయవాడలో మా ఏపీఐ వాడుకునే వాళ్ళు ఇదేం భాష అని ఫోన్ చేస్తే, "చదువుకోండి, వస్తది," అని పెట్టేశారు.

చెక్ పోయింది కదా, ఆదివారాలు మానేస్తారనుకున్నాను. మానలేదు సరికదా, ఊళ్ళు పెంచారు. ఒకసారి పెనుగొలనులో ఒక పేషెంటుని చూడబోతే, ఆ మహానుభావుడు మిరపకాయల టిక్కీలు, అంటే ఇంతలేసి బస్తాలు, రెండు చేతులతో ఎత్తి లారీలో వేస్తున్నాడట. నరం కుట్టిన చేత్తో బరువెత్తకూడదు, దొంగ పేషెంటన్నమాట. ఆ సోమవారం ఆయన ఆనందం చూడాలి! మా అందరికీ బజ్జీలు కొనిపెట్టారు. "చెప్పానా లేదా?" అని కింద షాపులో గుమాస్తాలకి కూడా చెప్పుకున్నారు. అంతా విని, ఈయన జాలితో తిరుగుతున్నారో దొంగల కోసం తిరుగుతున్నారో తేల్చుకోలేక నేను బజ్జీ తిన్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో గట్టిగా పోట్లాడాను. సెంటరు వాళ్ళు ఎవరైనా చనిపోయారని బటన్ నొక్కితే, స్లాటు వెంటనే వరసలో తర్వాతి మనిషికి వెళ్ళాలి. ఆయన వెళ్ళనిచ్చేవారు కాదు. మా వైపు నుంచి కూడా ఒకరు సరే అనాలని పెట్టారు. ఎవరో బతికున్న మనిషికి ఒకసారి పొరపాటున ఆ బటన్ నొక్కారట. పోయినేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ తండా ఆవిడ పేరు పక్కన ఆ బటన్ పడింది. వరసలో తర్వాత గంపలగూడెం వైపు ఒక రైతు ఉన్నాడు. అతని కొడుకు పొద్దుటి నుంచి ఆఫీసుకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

"సరే అనండి సార్," అన్నాను. ఆయన కదల్లేదు.

"బటన్ నొక్కారు. అంతవరకే తెలుసు."

"అక్కడ ఒక మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడండీ! మీ అనుమానం తగలెయ్య!" అని అరిచాను. అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆయన నా వైపు కూడా చూడకుండా లేచి, వానలోనే స్కూటరు తీశారు. ఆదివారం కాకపోయినా వెళ్ళారు. సాయంత్రం చీకటి పడకముందే ఫోన్ చేసి, "చూశానమ్మా. ఇచ్చెయ్," అని పెట్టేశారు. గొంతు బొంగురుగా ఉంది, తడిశారు కదా అనుకున్నాను. స్లాటు రైతుకి ఇచ్చేశాను. అతను ఇప్పటికీ వస్తున్నాడు, బాగానే ఉన్నాడు.

ఆ సాయంత్రం అక్కడ ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. మొన్న చర్చి సమాధుల దగ్గర, మట్టి వేయడం అయ్యాక, తండా ఆటో అతను నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చి చెప్పాడు. ఆ వానలో ఈయన ఆవిణ్ణి పూడ్చిన చోటు చూపించమన్నారట. ఆటో అతనూ, ఆవిడ భర్తా తీసుకెళ్ళారు. ఈయన మట్టి మీద చెయ్యి ఆనించి అలాగే బురదలో కూర్చుండిపోయారట. లేవమంటే లేవలేదట. కాసేపటికి ఏడుస్తూ, "మొదటిరోజు ఈవిణ్ణి వెనక్కి పంపింది నేనేనయ్యా. దొంగ అనుకున్నాను," అని ఆవిడ భర్తతో అన్నారట.

ఆవిడ భర్త ఆయన్ని భుజం పట్టుకుని లేపి ఏమన్నాడో కూడా ఆటో అతను చెప్పాడు.

"తెలుసు సారూ. మీరు సెంటరుకి వచ్చిన రోజే, ఆ రూలు పెట్టింది ఈయనేనని మిమ్మల్ని చూపించి చెప్పారు. మేమూ మిమ్మల్ని నమ్మలేదు. మళ్ళీ ఆదివారం వస్తాడా, రాడా అని ఇంటి ముందు మంచం వేసుకుని ఇద్దరం చూస్తా ఉండేవాళ్ళం. ప్రతిసారీ వచ్చారు."